పంచాయతీ ఓటు – ఉపాసకుల ధమ్మం





2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎలక్షన్ల రోజు తెల్లవారుజామున మా వాడ తమ్ముడొకడు బెంగళూరు బస్సు దిగినాడు. అక్కడ బిల్డింగు పని చేసుకుంటాడు. రెండు రోజుల కూలి వదులుకుని, చార్జీలు పెట్టుకుని బంగారుపాళ్యం దాకా వచ్చినాడు. ఇంట్లో కాఫీ కూడా తాగకుండా బడి దగ్గరికి పోయి లైన్లో నిలబడినాడు. తీరా చూస్తే లిస్టులో పేరు లేదు. వాళ్ల అమ్మ పేరు ఉంది. చనిపోయి నాలుగేళ్లయిన తాత పేరు కూడా ఉంది. ఈ పిల్లోడి పేరు మాత్రం లేదు. జేబులో నుంచి ఓటరు కార్డు తీసి చూపించినాడు. "కార్డు ఉంటే చాలనుకుంటిని అన్నా" అన్నాడు.

సాయంత్రం లెక్కపెడితే ఆ వార్డులో మనం నిలబెట్టిన చెల్లెలు మూడు ఓట్లతో ఓడిపోయింది. పేరు లేక వెనక్కి తిరిగొచ్చినవాళ్లు మా వాడలో ఏడుగురు. వాళ్లను ఎవరూ కొట్టలేదు, ఎవరూ బెదిరించలేదు, ఎవరూ కొనలేదు. లిస్టు ముందుగా చూసుకోకపోవడం మన తప్పు.

ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ప్రతి పౌర్ణమికీ వాడలో బుద్ధ వందన చేయించేవాళ్లలో నేనూ ఒకణ్ని. అప్పమాదం గురించి, అంటే ఏమరుపాటు లేకుండా ఉండటం గురించి, ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. చెప్పిన మేమే ఏమరిపోయినాము.

అందుకే ఈ కరపత్రం ఓటు గురించి. "ధమ్మానికీ ఎలక్షన్లకూ ఏం సంబంధం? అది రాజకీయం కదా" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఎవరికి వెయ్యాలో ఇందులో చెప్పడం లేదు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కూడా. మనం చెప్పుకునేది ఒక్కటే. ఓటు వేయడం ఒక కర్మ. చేతితో చేసే ప్రతి పనికీ ఫలం ఉన్నట్టే దీనికీ ఫలం ఉంది. ఆ పనిని శీలంతో చేస్తున్నామా లేదా అని చూసుకోవడం ఉపాసకుని బాధ్యత.

సంఘంలో ఓటు ఉండేది

ఓటు ఇంగ్లీషువాళ్లు తెచ్చిన వస్తువని చాలామంది అనుకుంటారు. వినయ పిటకంలో చుల్లవగ్గ చదివితే ఆ అభిప్రాయం మారిపోతుంది.

భిక్షువుల మధ్య వివాదం వచ్చి మాటలతో తేలకపోతే, ఎక్కువమంది అభిప్రాయం ప్రకారం తేల్చే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని 'యేభుయ్యసిక' అంటారు. ఓటుకు వాడే చిన్న పుల్లను 'సలాక' అంటారు. ఒక అభిప్రాయానికి ఒక రంగు సలాక, ఇంకో అభిప్రాయానికి ఇంకో రంగు సలాక. వాటిని పంచడానికి ఒక భిక్షువును సంఘమే ఎన్నుకునేది. ఇప్పటి మాటల్లో ఆయన పోలింగ్ ఆఫీసర్ అనుకోండి. ఆయనకు అయిదు గుణాలు ఉండాలి. పక్షపాతంతో దారి తప్పకూడదు, ద్వేషంతో దారి తప్పకూడదు, మోహంతో దారి తప్పకూడదు, భయంతో దారి తప్పకూడదు. ఏ సలాక తీసుకున్నారో, ఏది తీసుకోలేదో సరిగా తెలిసి ఉండాలి.

రహస్య పద్ధతిలో ఓటు జరిగేటప్పుడు ఆయన ఒక్కో భిక్షువు దగ్గరికి పోయి ఈ సలాక ఈ అభిప్రాయానికి, ఆ సలాక ఆ అభిప్రాయానికి అని వివరించి, ఇష్టమైనది తీసుకోమని చెప్పాలి. తీసుకున్నాక ఎవరికీ చూపించవద్దని కూడా చెప్పాలి.

చూడండి, రహస్య ఓటు మనకు ఎంత పాతదో! బడి గదిలో అట్టముక్క అడ్డం పెట్టి, దాని వెనక మనల్ని ఒంటరిగా నిలబెట్టేది ఇందుకే.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. బుద్ధుని పరినిర్వాణం తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయాన్ని చెప్పినవాడు ఉపాలి. ఆయన క్షౌరం చేసే ఇంట్లో పుట్టినాడు. శాక్య రాకుమారులతో కలిసి సంఘంలో చేరిన రోజు ముందుగా ఆయనకే దీక్ష ఇచ్చినారు. ఆ రాకుమారులు ఆయనకు నమస్కరించాల్సి వచ్చింది. సంఘం నడవాల్సిన నియమాలను అందరి ముందూ అప్పజెప్పినవాడు ఒక మంగలి. ఆ సంఘంలో రాకుమారుడి చేతికీ ఒక్కటే సలాక, ఉపాలి చేతికీ ఒక్కటే సలాక.

బాబాసాహెబ్ ఈ విషయాన్ని రాజ్యాంగ సభలోనే చెప్పారు. 1949 నవంబర్ 25న చేసిన చివరి పెద్ద ప్రసంగంలో, పార్లమెంటు పద్ధతులు ఈ దేశానికి కొత్త కావని, భిక్షు సంఘాలు వాటిని ఎప్పుడో పాటించాయని గుర్తుచేశారు. అదే ప్రసంగంలో ఇంకో హెచ్చరిక కూడా చేశారు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ వచ్చినా, ఊరి బతుకులో, డబ్బులో ఆ సమానత్వం లేకపోతే ఈ వైరుధ్యం ఎంతకాలం నిలుస్తుందని అడిగారు. మన వాడలో నిలబడి చూస్తే ఆ ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ ఓటు ఊరికే రాలేదు

1919లో సౌత్‌బరో కమిటీ ముందుకు పోయి అంటరానివాళ్లకు ఓటు కావాలని, వాళ్ల ప్రతినిధులు సభల్లో ఉండాలని వాదించేనాటికి బాబాసాహెబ్ వయసు 27 ఏళ్లు. అప్పుడు ఓటు భూమి ఉన్నవాళ్లది, పన్ను కట్టేవాళ్లది. మన తాతల చేతిలో ఆ రెండూ లేవు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు కావాలని అడిగారు. 1932లో వచ్చిన కమ్యూనల్ అవార్డు మనకు రెండు ఓట్లు ఇచ్చింది. ఒకటి మన ప్రతినిధిని మనమే ఎన్నుకునేందుకు, ఇంకొకటి అందరితో కలిసి వేసేందుకు. గాంధీగారి నిరాహారదీక్ష తర్వాత, సెప్టెంబర్ 24న జరిగిన పూనా ఒప్పందంతో సీట్ల సంఖ్య పెరిగింది, ఆ రెండో ఓటు పోయింది. ఆ నష్టాన్ని బాబాసాహెబ్ చివరిదాకా మరిచిపోలేదు.

దాని ఫలితం మన ఇంటి ముందే ఉంది. మన పూతలపట్టు అసెంబ్లీ సీటు ఎస్సీలకు రిజర్వు. చిత్తూరు లోక్‌సభ సీటూ ఎస్సీలకు రిజర్వు. నిలబడేది మనవాళ్లే, గెలిపించేది అందరి ఓట్లు. ఎవరి ఓట్లు ఎక్కువో వాళ్ల మాట వినేవాణ్నే వెతికి నిలబెడతారు. సర్పంచ్ సీటు రిజర్వు అయినప్పుడూ ఇదే కథ. సంతకం మనవాడిది, చెక్కు బుక్కు ఇంకొకరి ఇంట్లో. ఈ జబ్బుకు మందు ఓటు మానేయడం కాదు. మన ఓట్లన్నీ లిస్టులో ఉండి, అన్నీ పడి, అమ్ముడుపోకుండా ఉంటే బొమ్మను నిలబెట్టడం వాళ్లకు కష్టమవుతుంది.

రాజ్యాంగంలో 326వ అధికరణం ప్రతి వయోజనుడికీ ఓటు ఇచ్చింది. ఆ రాజ్యాంగం రాసిన బాబాసాహెబ్ 1952 ఎన్నికల్లో ఉత్తర బొంబాయిలో ఓడిపోయారు. 1954లో భండారా ఉపఎన్నికలో కూడా ఓడిపోయారు. అయినా ఓటు దండగ అని ఆయన అనలేదు. మనం ఒక్కసారి వార్డు పోగానే "ఇంక ఎందుకులే" అంటున్నాం.

1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ బలం ఇచ్చింది. జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీలకు సీట్లు, స్త్రీలకు కనీసం మూడో వంతు సీట్లు వచ్చాయి. మన రాష్ట్రంలో స్త్రీలకు సగం సీట్లు ఉన్నాయి. ఫైనాన్స్ కమిషన్ నిధులు పంచాయతీకి వస్తాయి. వాడలో సిమెంటు రోడ్డు పడాలా, ఊర్లో పడినచోటే మళ్లీ పడాలా? ట్యాంకు నీళ్లు ముందు ఎవరి వీధికి రావాలి? శ్మశానానికి దారి ఎటు నుంచి? వానాకాలంలో శవాన్ని మోసుకుని మామిడితోటల గట్ల మీద జారుతూ నడిచినవాళ్లకు పంచాయతీ ఓటు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఢిల్లీ ఓటు కంటే ఈ ఓటే మన గడపకు దగ్గర.

నాలుగు అగతులు

రాజగృహంలో సిగాలుడు అనే గృహస్థు కొడుకు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుండగా బుద్ధుడు చూసినాడు. ఎందుకు మొక్కుతున్నావంటే, మా నాయన చనిపోతూ మొక్కమన్నాడు, మొక్కుతున్నా అన్నాడు. అర్థం తెలియకుండా చేసే ఆ పనిని అడ్డం పెట్టుకుని బుద్ధుడు గృహస్థులకు పనికొచ్చే ధమ్మమంతా అతనికి చెప్పినాడు. అదే సిగాలోవాద సుత్తం. మనిషి నాలుగు కారణాల వల్ల దారి తప్పి చెడు చేస్తాడని అందులో ఉంది. ఛందం, దోసం, మోహం, భయం. వీటినే నాలుగు అగతులు అంటారు. ఇందాక సలాకలు పంచే భిక్షువుకు ఉండకూడదని చెప్పుకున్నవి ఇవే. ఓటు పంచేవాడికి ఉండకూడనివి ఓటు వేసేవాడికి మాత్రం ఉండొచ్చునా?

ఛందం అంటే పక్షపాతం, ఆశ. "మా బామ్మర్ది నిలబడినాడు, వెయ్యకపోతే బాగుండదు." "వాడు మాల, వీడు మాదిగ, మనోడికి వేసేస్తే సరి." మనోడు అనే మాట దగ్గర ఆగండి. మనం శరణం పోయింది బుద్ధుణ్ని, ధమ్మాన్ని, సంఘాన్ని. సంఘంలో కులం లేదు. మన రెండు వాడలు విడిపోవాలని ఎదురుచూసేవాళ్లు ఊర్లో ఉన్నారు. అజాతశత్రువు వజ్జి గణరాజ్యం మీదికి పోవాలనుకుని మంత్రి వస్సకారుణ్ని పంపితే, వజ్జులు తరచుగా కూడి, కలిసి కూర్చుని, కలిసి లేచినంతకాలం వాళ్లకు పతనం లేదని బుద్ధుడు చెప్పినాడు. తర్వాత ఆ వస్సకారుడే వజ్జుల మధ్య చేరి, ఒకరి మీద ఒకరికి అనుమానం పుట్టించి, వాళ్లను విడగొట్టినాడని అట్ఠకథ చెబుతుంది. కత్తితో కానిది చెవిలో చెప్పిన మాటతో అయింది. నామినేషన్ల వారంలో మన వాడకు కూడా వస్సకారులు వస్తారు. కనిపెట్టండి.

డబ్బు కూడా ఛందమే. ఈ విషయంలో ఎవరినీ తిట్టొద్దు. చేతిలో రూపాయి లేనప్పుడు వాళ్లిచ్చే నోటు రెండు రోజుల బియ్యం. ఆళవిలో ధమ్మం వినడానికి ఆకలితో వచ్చిన పేద రైతుకు ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతే బుద్ధుడు ఉపదేశం మొదలుపెట్టినాడు. ఆకలి పెద్ద రోగం. కానీ ఆలోచించండి. పెట్టుబడి పెట్టి గెలిచినవాడు దాన్ని ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడు? మన వీధి లైట్లో నుంచి, మన కాలవలో నుంచి. "డబ్బు తీసుకుని మనకు నచ్చినవాళ్లకే వేస్తే తప్పేముంది" అని కొందరు అడుగుతారు. వేస్తానని చెప్పి వెయ్యకపోతే అది నాలుగో శీలానికి భంగం. వేస్తే మనల్ని మనం అమ్ముకున్నట్టు. రెండు వైపులా నష్టమే కాబట్టి ఆ నోటు తాకకపోవడమే దారి. చట్టం ప్రకారం కూడా ఇచ్చినవాడే కాదు, తీసుకున్నవాడూ నేరస్థుడే. ఎలక్షన్ల రాత్రి వాడలోకి వచ్చే మందు సీసా సంగతి వేరే చెప్పాలా? అయిదో శీలం తీసుకున్నవాళ్లం మనం.

దోసం అంటే ద్వేషం. పోయిన ఏడాది గట్టు తగాదాలో మాట అన్నాడని, పెళ్లికి పిలవలేదని, "వాడు ఓడితే చాలు, ఎవడు గెలిచినా సరే" అని వేసే ఓటు. ఆ కోపం ఒక్క రోజు చల్లబడుతుంది. ఆ ఓటు ఫలం మాత్రం అయిదేళ్లు ఉంటుంది.

మోహం అంటే తెలియనితనం, భ్రమ. డీజే పెట్టి, బిర్యానీ పెట్టి ఊరేగిస్తే అదే పెద్దరికం అనుకోవడం మోహం. నిలబడినవాళ్లు వాడకు ఏం చేసినారో, ఏం చేస్తారో అడగకపోవడం మోహం. "ఎవరికి వేసినావో వాళ్లకు తెలిసిపోతుంది" అనే పుకారు నమ్మడం మోహం. ఇంకోటి ఉంది. రాత్రిపూట దేవుడి పటం మీద చెయ్యి పెట్టించి, పసుపు బియ్యం ముట్టించి ఒట్టు వేయించుకునే పద్ధతి. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లు ఆ పటానికి భయపడాల్సిన పని లేదు. ముందు ఆ ఒట్టే వెయ్యొద్దు. బలవంతంతో వేసి ఉంటే, చెడ్డపనికి ఇచ్చిన మాటను పట్టుకుని వాడంతటికీ చెడు చేయడం సత్యం కాదని తెలుసుకోండి.

భయం అన్నింటికంటే పెద్దది. "రేపు తోటలోకి కూలికి పిలవరు." "పాలు పోయించుకోరు." "పింఛను ఆపేస్తారు." "ఇంటి స్థలం లిస్టులో నుంచి పేరు తీసేస్తారు." ఈ భయం ఉత్తదని నేను అనను. పక్కనే తమిళనాట మదురై జిల్లా మేలవళవు పంచాయతీ 1996లో ఎస్సీలకు రిజర్వు అయింది. ఆధిపత్య కులాలవాళ్లు ఒప్పుకోలేదు. అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌నూ, ఇంకో అయిదుగురినీ 1997 జూన్ 30న బస్సు ఆపి నరికి చంపినారు. అదే ప్రాంతంలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టామంగళం పంచాయతీల్లో పదేళ్లపాటు నామినేషన్లు వేయనివ్వలేదు, గెలిచినవాళ్లను కూర్చోనివ్వలేదు. 2006లో అక్కడ దళిత అధ్యక్షులు గెలిచి కుర్చీలో కూర్చున్నారు.

ఒంటరిగా ఉన్నవాడికి భయం ఎక్కువ. పదిమంది కలిసి పోలింగ్‌కు నడిస్తే సగం తగ్గుతుంది. మిగతా సగానికి చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఎల్) ఈ విషయమే చెబుతుంది. మనల్ని ఓటు వెయ్యొద్దని గానీ, ఫలానావాళ్లకే వెయ్యమని గానీ, నామినేషన్ వెయ్యొద్దని గానీ, వేసింది వెనక్కి తీసుకోమని గానీ బెదిరించడం అత్యాచారం కింద నేరం. గెలిచిన సర్పంచ్‌ను, వార్డు మెంబర్‌ను పని చేసుకోనివ్వకపోవడం, ఎన్నికల తర్వాత కక్షతో కొట్టడం, వెలివేయడం కూడా అదే చట్టంలో నేరాలు. ఈ సెక్షన్ నంబరు వాడలో కనీసం నలుగురికి నోటికి వచ్చి ఉండాలి.

ఏకగ్రీవం అంటే ఐక్యతేనా?

ఇది కష్టమైన ప్రశ్న. బుద్ధుడు ఐక్యతను మెచ్చుకున్నాడు కదా, ఊరంతా ఒక్కటై ఏకగ్రీవం చేసుకుంటే మంచిదే కదా అని మొన్న ఒక పెద్దాయన నన్ను అడిగినాడు. 2021లో ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహం ప్రకటించింది కూడా. ఆ ఎన్నికల్లో మన చిత్తూరు జిల్లాలోనూ గుంటూరు జిల్లాలోనూ ఏకగ్రీవాలు మరీ ఎక్కువగా కనిపించి, రాష్ట్ర ఎన్నికల సంఘం కొన్నాళ్లు వాటి ప్రకటన ఆపి నివేదికలు అడిగింది. తర్వాత అనుమతించింది.

ఆ పెద్దాయనకు నేను సంఘం పద్ధతే చెప్పినాను. సంఘంలో ముఖ్యమైన నిర్ణయం తీసుకునేటప్పుడు ముందు ఞత్తి, అంటే ప్రతిపాదన, అందరికీ వినిపిస్తారు. తర్వాత మూడుసార్లు అడుగుతారు. ఒప్పుకున్నవారు మౌనంగా ఉండండి, ఒప్పుకోనివారు మాట్లాడండి అని. ముమ్మారు అడిగినా ఎవరూ మాట్లాడకపోతేనే ఒప్పుకున్నట్టు. అక్కడ మౌనానికి విలువ ఎందుకు వచ్చింది? మాట్లాడితే ఎవరూ కొట్టరు, ఎవరూ కూలి ఆపరు కాబట్టి. మాట్లాడే వీలున్న చోటే మౌనం అంగీకారం అవుతుంది. నోరెత్తితే నష్టపోయే చోట మౌనం భయం మాత్రమే.

ఇప్పుడు మన ఊరి ఏకగ్రీవాలను ఈ కొలతతో కొలవండి. రచ్చబండ దగ్గర నిర్ణయం జరిగినప్పుడు వాడవాళ్లను పిలిచినారా? పిలిస్తే కుర్చీ వేసినారా, దూరంగా నిలబెట్టినారా? ఆడవాళ్లు ఉన్నారా? 'వద్దు' అని ఒకరైనా అనగలిగినారా? సర్పంచ్ పదవికి వేలంపాట పెట్టి, ఆ డబ్బు గుడి కడతామని చెప్పుకునే చోట ఏ ఐక్యత ఉంది? వేలంలో పాడగలిగే స్తోమత వాడకు ఉందా? అందరూ కూర్చుని, అందరూ మాట్లాడి, వాడ మనిషిని వాడ ఒప్పుకుని ఎన్నుకుంటే ఆ ఏకగ్రీవం మంచిదే. దాన్ని ఎవరూ కాదనరు. కానీ మన వార్డు మెంబర్ ఎవరో ఊరి పెద్ద ఇంటి అరుగు మీద తేలిపోతే, మన సలాకను మన చేతికి ఇవ్వకుండానే ఎవరో తీసేసుకున్నట్టు.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఒక మాట చెప్పారు. ఈ రాజ్యాంగం ఊరిని కాకుండా మనిషిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. ఊరు ఒక్క గొంతుతో మాట్లాడినప్పుడు అందులో ఎవరి గొంతు వినిపించదో ఆయనకు తెలుసు.

బౌద్ధులమైతే రిజర్వేషన్ సీటు పోతుందా?

పోదు. దీక్ష తీసుకున్నవాళ్లను వెనక్కి లాగడానికి ఈ భయం బాగా వాడుతున్నారు, కాబట్టి సూటిగా చెబుతున్నా. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మొదట హిందువులకు మాత్రమే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను చేర్చినారు. 1990లో పార్లమెంటు బౌద్ధులను చేర్చింది. కాబట్టి షెడ్యూల్డ్ కులంలో పుట్టి బౌద్ధం తీసుకున్న మనిషి ఎస్సీ రిజర్వు వార్డులో, ఎస్సీ రిజర్వు సర్పంచ్ స్థానంలో నిలబడొచ్చు. నామినేషన్ వేయబోయేవాళ్లు కుల ధ్రువపత్రం ముందుగానే తహశీల్దారు ఆఫీసు నుంచి తీసి పెట్టుకోండి. చివరి రోజు పరుగెత్తితే చిన్న తప్పుకే తిప్పి పంపుతారు.

ఇక చేయాల్సిన పనులు

మొదటిది లిస్టు. పంచాయతీ ఓటర్ల లిస్టు అసెంబ్లీ లిస్టు నుంచే వార్డులవారీగా తయారవుతుంది. అసెంబ్లీ లిస్టులో లేని పేరు పంచాయతీ లిస్టులోకి రాదు. కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు, లిస్టులో పేరు ఉండాలి. మన తమ్ముడు నేర్పిన పాఠం ఇదే.

18 ఏళ్లు నిండిన పిల్లలకు ఫారం 6. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 – ఈ నాలుగు తేదీల్లో దేనికి వయసు నిండినా పేరు చేర్చుకోవచ్చు. పెళ్లయి వేరే ఊరి నుంచి మన ఊరికి వచ్చిన కోడళ్లకు, ఇల్లు మారినవాళ్లకు, పేరులో, వయసులో తప్పులున్నవాళ్లకు ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి ఫారం 7. తాత పేరు లిస్టులో ఉంటే ఏముందిలే అనుకోవద్దు. ఆ పేరు మీద దొంగ ఓటు పడుతుంది. ఫారాలు బీఎల్ఓ దగ్గర ఇవ్వొచ్చు, సెల్‌ఫోన్లో కూడా చేయొచ్చు. సందేహం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి. ఫారం ఇచ్చాక రసీదు తప్పకుండా అడగండి.

బెంగళూరులో, చెన్నైలో పని చేసుకునేవాళ్లకు ఒక మాట. పని కోసం కొంతకాలం బయటికి పోయినంత మాత్రాన సొంతూరి నివాసం పోయినట్టు కాదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతుంది. "ఇక్కడ ఉండటం లేదు" అని పేరు తీసేస్తామంటే మీ ఇంటివాళ్లు వెంటనే అభ్యంతరం చెప్పాలి. అదే సమయంలో రెండు చోట్లా పేరు ఉంచుకోవద్దు. అది చట్టానికీ విరుద్ధం, మన శీలానికీ విరుద్ధం.

పోలింగ్ రోజు పొద్దున్నే పోండి. 2021లో పంచాయతీ పోలింగ్ మధ్యాహ్నం మూడున్నరకే ముగిసింది. సాయంత్రం తీరిగ్గా పోదామనుకున్నవాళ్లకు తలుపు మూసి కనిపించింది. సర్పంచ్‌కు ఒకటి, వార్డు మెంబర్‌కు ఒకటి, రెండు ఓట్లు ఉంటాయి. రెండూ వేయండి. మీ పేరు మీద అప్పటికే ఎవరో వేసేసి ఉంటే గొడవపడి తిరిగి రావద్దు, టెండర్ ఓటు కావాలని అడగండి. ముసలివాళ్లకు తోడుగా పోయినవాళ్లు వాళ్ల ఇష్టం అడిగి వేయించాలి. అవ్వ చెయ్యి పట్టుకుని మన ఇష్టం ముద్ర వేయడం అవ్వ సలాకను లాక్కోవడమే.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా. సీట్లలో సగం మీవి. పేరు మీది, పెత్తనం మీ ఆయనది అయితే ఆ సగం కాగితం మీదే ఉంటుంది. గెలిచిన అక్క సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకోవాలి. ఇంట్లో మగవాళ్లు మీటింగుకు దింపి బయట కూర్చోవాలి.

వచ్చే పౌర్ణమికి

ప్రతి వాడలోనూ ఒక పని చేద్దాం. వచ్చే పౌర్ణమికి బుద్ధ వందన, త్రిశరణ పంచశీలాలు అయిన తర్వాత ఓటర్ల లిస్టు తెచ్చి అందరి ముందూ గట్టిగా చదవండి. ఇల్లిల్లూ, పేరు పేరూ. లేనివాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసి, ఏ ఇంటి బాధ్యత ఎవరిదో అక్కడే పంచుకోండి. వాడలో పొదుపు సంఘం ఉంటే ఎలక్షన్ల నెలలో అవసరంలో ఉన్న ఇళ్లకు ముందుగా చిన్న అప్పు ఇచ్చే ఏర్పాటు చేయండి. బియ్యం లేక ఎవరూ ఓటు అమ్ముకోకూడదు. చివరగా అందరూ నిలబడి ఈ సంకల్పం చెప్పుకోండి:

నా ఓటును పక్షపాతంతో వేయను. ద్వేషంతో వేయను. మోహంతో వేయను. భయంతో వేయను. డబ్బుకు, మందుకు అమ్మను. నా ఓటు ఎవరికీ చూపించను. నా ఇంట్లో వయసు వచ్చిన ఏ ఒక్కరి పేరూ లిస్టులో లేకుండా ఉండనివ్వను.

పోయిన పౌర్ణమికి మా వాడలో ఈ పని మొదలుపెట్టినాము. ముందు చదివించింది బెంగళూరు తమ్ముడి ఇంటి పేర్లు. వాళ్లమ్మ లేచి, "వాడిది ఉందా?" అని అడిగింది. ఉంది. తాత పేరు తీసేసినారు, తమ్ముడి పేరు చేరింది. ఆ మాట విని ఆమె మళ్లీ కూర్చుంది. మేము తర్వాతి ఇంటి పేరు చదివినాము.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!